కర్బనాన్ని చదవగలిగితే కొలువులు ఒక్క చమురులోనే ఉండవు

పట్టిసీమ దాటాక గోదావరి కొండలను వదిలి మైదానంలోకి వస్తుంది. ఎగువన తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్లున్నాయి. ఈ రాళ్లలో అక్కడక్కడా గ్రాఫైట్ దొరుకుతుంది. దిగువన డెల్టా ఒండ్రు కింద, చాలా లోతున, రాఘవాపురం షేల్, కొమ్ముగూడెం బొగ్గు పొరలు ఉన్నాయి. మండపేట గ్యాస్‌కు మూలం కొమ్ముగూడెం పొరలే. వీటన్నిటిలోనూ ఉన్నది కర్బనమే, ఉడికిన తీరే వేరు. రాయిలో చిక్కిన జీవ పదార్థం భూగర్భంలో ఎంత ఉడికిందో చెప్పేదే థర్మల్ మెచ్యూరిటీ. చెరకు రసం ముదిరి పాకమైతే మళ్లీ రసం కానట్టే, ఈ మార్పూ వెనక్కి తిరగదు. తగినంత వేడికి చమురు, ఇంకా కాగితే గ్యాస్, చివరికి గ్రాఫైట్. జియాలజీ, కెమిస్ట్రీ విద్యార్థులు ఈ కొలతను చమురు కొలువు కోసమే కాక, కర్బనాన్ని చదివే నైపుణ్యంగా నేర్చుకోవాలన్నదే నా వాదన.

ఈ కొలతకు పాత పద్ధతి విట్రినైట్ రిఫ్లెక్టెన్స్, అంటే రాయిలోని విట్రినైట్ రేణువు కాంతిని ఎంత తిప్పికొడుతుందో చూడటం. అది సుమారు 0.6 నుంచి 1.3 శాతం మధ్య ఉంటే చమురు పుట్టే దశ అంటారు. అది ఉండగా రామన్, ఎఫ్‌టీఐఆర్ వంటి స్పెక్ట్రోస్కోపీ పద్ధతులు ఎందుకని అడగవచ్చు. విట్రినైట్ చెట్ల కలప నుంచి వస్తుంది, సముద్రపు షేల్‌లో అరుదు. 1928లో సి.వి.రామన్ కనుగొన్న ప్రభావంపై నడిచే రామన్ పరికరానికి మైక్రాన్లంత రేణువు చాలు, నమూనా చెడదు. 1350, 1600 తరంగ సంఖ్యల దగ్గర వచ్చే రెండు శిఖరాలు ఉడుకు పెరిగే కొద్దీ ఒకదానికొకటి దూరమవుతాయి. శుద్ధ గ్రాఫైట్‌లో మొదటిది దాదాపు మాయమవుతుంది. అయితే తక్కువ ఉడికిన నమూనాలో ఫ్లోరసెన్స్ ఈ సంకేతాన్ని కప్పేస్తుంది. అక్కడ పరారుణ కాంతితో పనిచేసే ఎఫ్‌టీఐఆర్ ఆదుకుంటుంది. ప్రయోగశాలను బట్టి రామన్ లెక్కలు మారతాయి కూడా. అందుకే పరికరం నడపడం ఒక్కటే వస్తే చాలదు. ఏ ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చగలవారికే విలువ.

చమురు యుగం ముగుస్తోందిగా, పోస్టులూ తక్కువేగా అన్న సందేహం న్యాయమైనదే. కేవలం ఈ పనికే ప్రకటించే ఉద్యోగాలు కొద్ది. కానీ బ్యాటరీలకు కావలసిన గ్రాఫైట్ నాణ్యతను పరీక్షించేదీ ఆ రెండు శిఖరాలతోనే. విశాఖ, హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లో ఎఫ్‌టీఐఆర్ రోజువారీ పని. కాబట్టి బీఎస్సీలో జియాలజీతో కెమిస్ట్రీ తీసుకోండి. ఎమ్మెస్సీకి జామ్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలకు వెళ్లవచ్చు, లేదా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరవచ్చు. తర్వాత గేట్ జియాలజీ–జియోఫిజిక్స్ పేపర్, యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షలకు సిద్ధం కండి. రెండోదానిలో జియాలజిస్టులతో పాటు కెమిస్టులకూ పోస్టులుంటాయి. పరిశోధన ఇష్టమైతే హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ, డెహ్రాడూన్‌లో ఓఎన్‌జీసీ కేడీఎంఐపీఈ ఉన్నాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా ఒకే షేల్ నమూనాను రెండు పద్ధతుల్లో కొలిచి, తేడా ఎందుకొచ్చిందో వివరించండి. ఇంటర్వ్యూలో మీ ఆలోచనను నిరూపించేది ఆ వివరణే.