మరచినవాడును ఏడ్చెను
పాఠ్యభాగము: ఆదికాండము 41:50-52; 42:24; 45:1-2



1977 నవంబరు 19న తుపాను, ఉప్పెన దివిసీమను ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. ఇట్టి ఆపద ఊరంతటిదే అయినను యౌవనస్థునిపై దాని భారము వేరు. తన బ్రదుకు ప్రారంభింపకమునుపే అతడు ఇంటికి పెద్ద కావలసివచ్చును.

అమెరికా మనశ్శాస్త్రజ్ఞులగు టెడెస్కీ, కాల్హూన్ అనువారు ఇట్టి గాయముల పిమ్మట కలుగు ఎదుగుదలను కొలుచుటకు 1996లో ఒక ప్రశ్నావళిని ప్రచురించిరి. మనుష్యుని పెంచునది ఆపద కాదు, దానితో అతడు చేయు పెనుగులాటయే అని వారి అభిప్రాయము. ఎదిగినంతమాత్రమున దుఃఖము తొలగిపోదనియు వారు తెలిపిరి.

యోసేపును చూడుడి. పదునేడేండ్ల ప్రాయమున ఇల్లు కోల్పోయెను. ఐగుప్తులో మరపును సూచించునట్లు పెద్దకుమారునికి మనష్షే అనియు, ఫలించుటను సూచించునట్లు రెండవవానికి ఎఫ్రాయిము అనియు పేరు పెట్టెను. అయినను కరవు తన అన్నలను అక్కడికి తెచ్చినప్పుడు చాటుకు పోయి ఏడ్చెను. తరువాత ఇతరులకు వినబడునట్లు ఏడ్చెను. మరచితినన్నవాడే ఏడ్చెను. ఆ కన్నీరు ఎఫ్రాయిమను పేరును అబద్ధము చేయలేదు.

కావున ఆపద దాటివచ్చిన పిల్లవానితో “ఇంకను ఏడ్చుచున్నావా?” అనకుడి. “అంతయు మేలుకే” అని తొందరపడి బోధింపకుడి. కీడు మేలాయెనను మాట యోసేపే పలికెను. అదియు ఎన్నో ఏండ్లకు. అంతవరకు అతనికి పని చూపుడి, అన్నము పెట్టుడి, ప్రక్కన కూర్చుండుడి.

ఆలోచింపుడి: మీ ఊరిలో చాటుకు పోయి ఏడ్చుచున్న యౌవనస్థుడు ఎవడు?