దినమున కొక చిత్రము

కాలము నిలువదు. నిన్నటి దినమున మనము చేసిన పనులలో నేడు జ్ఞప్తియందుండునవి కొన్నియే. గతమాసమున ఈ తేదీనాడు మీ పెరటిలో ఏ పూవు పూచినదో, బడికి వచ్చు దారిలో ఎవరు మీకెదురైరో చెప్పుమన్నచో మీలో పలువురు తెల్లబోవుదురు. అది మీ తప్పు కాదు. దినములు ఒకదానినొకటి పోలియుండుటచే మనస్సు వానిని కలిపివేయును. పండుగలను, ప్రమాదములను మాత్రమే వేరుగా దాచుకొనును. కాని మన జీవితము పండుగలతోను ప్రమాదములతోను నిండియుండలేదు. నిత్యము జరుగు చిన్న చిన్న సంగతులతో నిండియున్నది.

ఈ మరపును గెలుచుటకై పెద్దలు కొందరు దినచర్య వ్రాసికొనుచుందురు. కలముతో చేయు ఆ పనినే కెమేరాతో చేయువారును కలరు. దినమునకు ఒక్క ఛాయాచిత్రము తీసి, దానిక్రింద తేదీ వేసి, క్రమముగా భద్రపరచుట వారి నియమము. వినుటకిది సులభముగా తోచును. ఆచరించి చూచినవారికి గాని అందలి కష్టమును, ఫలమును తెలియవు. అట్టి నియమమును కడదాక పాలించిన ఒకని వృత్తాంతమును మొదట మీకు చెప్పెదను.

అమెరికాదేశమున న్యూయార్కు రాష్ట్రములో బార్డు కళాశాల యున్నది. 1979వ సంవత్సరమున జేమీ లివింగ్‌స్టన్ అను యువకుడు అచట చదువుచుండెను. అతనియొద్ద ఎస్. ఎక్స్. 70 అను పొలరాయిడ్ కెమేరా యుండెను. ఆ కెమేరా కథయు వినదగినదే. 1943వ సంవత్సరమున ఎడ్విన్ లాండ్ అను శాస్త్రజ్ఞుడు సెలవుదినములలో తన కుమార్తెకు ఫోటో తీయగా, మూడేండ్ల ఆ పాప తీసిన బొమ్మను అప్పుడే యేల చూడరాదని తండ్రి నడిగెను. ఆ దినములలో ఫిల్మును చీకటిగదిలో కడిగి, కాగితముపై అచ్చు వేసినగాని బొమ్మ కనబడదు. పసిబిడ్డ ప్రశ్న యని లాండ్ దానిని త్రోసిపుచ్చలేదు. ఆ ప్రశ్నకు సమాధానముగా ఆయన నిర్మించిన కెమేరా 1948లో అంగడికి వచ్చెను. 1972లో వచ్చిన ఎస్. ఎక్స్. 70 దానికంటెను మేలైనది. మీట నొక్కగనే తెల్లని అంచుగల చతురస్రాకారపు చిత్రము వెలుపలికి వచ్చును. చూచుచుండగనే కొద్ది నిమిషములలో దానిపై రంగులు తేలును. ఒక్కొక్క పెట్టెలో పది చిత్రములకు మాత్రమే సరిపడు ఫిల్ము ఉండును. కావున ప్రతి నొక్కునకు వెల యుండెను. ముందు ఆలోచించి తరువాత నొక్కవలసి యుండెను.

1979వ సంవత్సరము మార్చి 31వ తేదీన లివింగ్‌స్టన్ తన వరుసలో మొదటి చిత్రమును తీసెను. నాడతనికి ఏ సంకల్పమును లేదు. కొన్ని వారములు గడచిన పిదప చూచుకొనగా, దినమునకు సుమారొక్క చిత్రము తీసియున్నట్లు తెలిసినది. అప్పుడతడు ఆ అలవాటును నియమముగ గైకొనెను. దినమునకు ఒక్కటే చిత్రము. అది బాగుగ వచ్చినను రాకున్నను, అదియే ఆ దినపు చిత్రము.

అతడు చదువు ముగించి న్యూయార్కు నగరమున చలనచిత్రములకు సంబంధించిన పనులలో కుదురుకొనెను. కెమేరా మాత్రము అతని వెంటనే యుండెను. అతడు తీసినవేవి? మిత్రుల ముఖములు, భోజనపు బల్లలు, వీధులు, బంతియాటలు, ఎవరును లేని గదులు. వీనిలో వింతలు తక్కువ. ఒక్కొక్క చిత్రమును విడదీసి చూచినచో, దీనిని తీయనేల యనిపించును. వరుసగా చూచినచో ఒక మనుష్యుని జీవితము కన్నులయెదుట నడచును.

పిమ్మట అతనికి ప్రాణాంతకమైన కాన్సరు వ్యాధి సోకెను. వైద్యశాల గదియు చికిత్సయు చిత్రములలోనికి వచ్చెను. నియమము ఆగలేదు. 1997వ సంవత్సరము అక్టోబరు మాసమున, మృత్యువు దగ్గరలో నున్నదని తెలిసియు అతడు వివాహము చేసికొనెను. ఆ శుభదినపు చిత్రమును వరుసలో కలదు. అదే మాసము 25వ తేదీన, తన నలుబదియొకటవ పుట్టినరోజున, అతడు కన్ను మూసెను. ఆనాటి చిత్రముతో ఆ వరుస ముగిసినది.

మొదటి చిత్రమునాటినుండి కడపటి చిత్రమునాటివరకు లెక్కించినచో 6,784 దినములగును. మీరును లెక్కవేసి చూడుడు. లీపు సంవత్సరములను మరువకుడు. అతడు విడిచిన చిత్రములు ఆరువేల ఆరువందలకు మించియున్నవి. లోపించినవి బహు కొద్ది. 2007లో అతని మిత్రులు వానిని పెద్దవిగ అచ్చొత్తించి, అతడు చదివిన కళాశాలలోనే ప్రదర్శించిరి. కీర్తికొరకు అతడీ పని చేయలేదు. చేయుచుండగా దాని వలన కీర్తియు రాలేదు. అయినను నేడు దేశదేశములవారు ఆ చిత్రములను చూచి, తమ దినములను తలచుకొని కంటతడి పెట్టుచున్నారు.

ఈ వృత్తాంతమును చదివిన తరువాత నాకును ఒక కోరిక పుట్టినది. ఉపాధ్యాయవృత్తినుండి విరమించిన యేడు అది. ముప్పదియేండ్లకు పైగా గంట కొట్టగనే కదలిన వానికి, గంట లేని దినములు ఒక విధమైన శూన్యముగ తోచెను. చిన్న కెమేరా నొకదానిని కొంటిని. మా యూరి చెరువుగట్టుమీద ఒక రావిచెట్టు కలదు. ప్రతిదినము ఉదయము గట్టుపై ఒక్క చోటనే నిలిచి దాని చిత్రము తీయవలెనని నిశ్చయించుకొంటిని. వారమున కొకమారు పట్టణమున వానిని అచ్చు వేయించి, నోటుపుస్తకములో అంటించి, తేదీ వ్రాయుచుంటిని.

మొదటి పదిదినములు ఉత్సాహముతో గడచినవి. ఇరువది దినములు గడచుసరికి విసుగు కలిగినది. చెట్టు చెట్టే, గట్టు గట్టే, ఇందేమున్నది యనిపించినది. అయినను మానలేదు. అప్పుడు నా కన్నులు తెరచుకొనసాగినవి. చెట్టు మారుచుండెను. ఆకులు పసుపువన్నెకు తిరిగి రాలిపోయెను. కొమ్మలు బోసియయ్యెను. పిమ్మట రాగిరేకులవంటి చిగురులు తొడిగెను. సూర్యుడు నిన్న ఉదయించిన తావుననే నేడును ఉదయించుటలేదని, ఉత్తరాయణమున దినదినము కొంచెము ఉత్తరమునకు జరుగుచున్నాడని పాఠములో ఎన్నియోమారులు చెప్పియుంటిని. కన్నులార చూచుట మాత్రము అదే మొదలు.

నలుబదియొకటవ నాడు నాకు జ్వరము వచ్చినది. మంచము దిగలేదు. మరునాడు పుస్తకములో ఒక తావు ఖాళీగా నుండుట చూచి నా మనస్సు ఒప్పలేదు. రెండు వారముల క్రిందట తీసి వాడని చిత్రము ఒకటి నాయొద్ద నుండెను. దానిని అచట అంటించి, జ్వరము వచ్చిననాటి తేదీ వేసితిని. ఎవరు చూడవచ్చిరి?

వేసవి సెలవులకు వచ్చిన నా మనుమడు ఆ పుస్తకమును త్రిప్పి త్రిప్పి చూచి, "తాతయ్యా! ముందునాటి బొమ్మలో చెట్టునకు చిగురులున్నవి. తరువాతి బొమ్మలోను ఉన్నవి. నడుమ ఈ ఒక్కనాడే చెట్టు మోడైనదేమి?" అని యడిగెను.

నేను మాటాడలేకపోతిని. సత్యమునే పలుకుడని వేలమంది బాలురకు బోధించిన నోరది. ఆ రాత్రియే ఆ చిత్రమును ఊడదీసి, ఖాళీ తావున "జ్వరము, చిత్రము లేదు" అని వ్రాసితిని. నా పుస్తకములో నాకు మిక్కిలి గౌరవమైన పుట అదియే. నియమము తప్పుట మానవసహజము. తప్పలేదని చూపుటయే దోషము. ఒకనాడు తప్పినదని పని యంతయు విడుచుటయు దోషమే. తప్పిన మరునాడు మరల మొదలిడువాడే నియమపరుడు.

మరియొక సంగతి చెప్పి నా కథ ముగించెదను. ఒక ఉదయమున కుంభవృష్టి కురియుటచే గట్టుమీదికి పోలేకపోతిని. వాన వెలిసిన తరువాత నా భార్య వాకిలి ఊడ్చి ముగ్గు వేసెను. చేయునది లేక దానినే చిత్రించితిని. ఆమె నవ్వి, "ముగ్గునకు కూడ ఫోటో యేమిటండీ? రేపు మరల వేయుదును కదా!" అనెను. నిజమే, ఆమె మరునాడును వేసెను. తరువాత రెండేండ్లు ప్రతి ఉదయము వేయుచునే యుండెను. ప్రతి సాయంకాలము అది పాదముల క్రింద చెరగిపోవుచునే యుండెను. మరల దానిని చిత్రించవలెనని నాకు తోచలేదు. ఆమె గతించి ఇప్పటికి నాలుగేండ్లు. రావిచెట్టు చిత్రములు నాకు వందలకొలది యున్నవి. ఆమె వేసిన ముగ్గు ఒక్కటే యున్నది.

విద్యార్థులారా! రేపు మరల ఉండునని మనము తలచు వస్తువులనే మొదట చూడవలెను. ఇట్టి అలవాటును మీరును చేసికొనగోరుదురేని ఈ క్రింది మాటలను జ్ఞప్తియం దుంచుకొనుడు.

విలువగల కెమేరా అవసరము లేదు. ఇంటిలోని పెద్దల సెల్‌ఫోను చాలును. వారి యనుమతితో దినమున కైదు నిమిషములు తీసికొనుడు. సమయమును ముందే నిర్ణయించుకొనుడు. వీలున్నప్పుడు తీయుదమనుకొన్న వానికి వీలెన్నడును దొరకదు. బడినుండి వచ్చి కాళ్లు కడిగికొనిన వెంటనే యనియో, సూర్యోదయమున ననియో నియమించుకొన్నచో ఆ పనియే మిమ్ము పిలుచును.

వెలుతురును గమనింపుడు. ఉదయసాయంకాలములందు ఎండ ఏటవాలుగా పడును, నీడలు సాగును, గోడపై గరుకును, చేతిపై ముడుతలును స్పష్టముగా కనబడును. నడిమధ్యాహ్నమున ఎండ నడినెత్తినుండి పడుటచే కన్నులక్రింద నల్లని నీడలు కమ్మును. చిత్రించు వస్తువునకు దగ్గరగా జరుగుడు. దాని వెనుక అక్కరలేని వస్తువులున్నచో మీరే ఒక అడుగు ప్రక్కకు జరుగుడు.

ప్రతి చిత్రమునకు తేదీయు, ఒక్క వాక్యమును వ్రాయుడు. తేదీ లేని చిత్రము పేరులేని ఉత్తరమువంటిది. బాగుగ రాలేదని చెరిపివేయకుడు. మాసాంతమున అన్నిటిని వరుసగా చూచినచో మీ లోపములు మీకే తెలియును. ఒక ప్రతిని వేరొక చోట దాచుడు.

పరుల చిత్రము తీయునపుడు వారి సమ్మతి నడుగుడు. దుఃఖములో నున్నవారిని, రోగులను, స్నానఘట్టములం దున్నవారిని చిత్రించుట మర్యాద కాదు. రైలుపట్టాలమీద, బావి యొరలమీద, పొంగు కాలువల ప్రక్కన నిలిచి చిత్రములు తీయరాదు. ఏ చిత్రమును ప్రాణముకంటె విలువైనది కాదు.

విషయము దొరకలేదని చింతింపకుడు. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున జెరికో అను పల్లెలో విల్సన్ బెంట్లీ అను వ్యవసాయదారుడుండెను. అతడు కెమేరాకు సూక్ష్మదర్శినిని జోడించి, 1885వ సంవత్సరము జనవరి 15వ తేదీన ఒక మంచురేకును చిత్రించెను. చలిలో నిలిచి, తన ఊపిరి సోకి మంచు కరగునేమో యని శ్వాస బిగబట్టి పని చేయుచుండెను. 1931లో మరణించులోపల ఐదువేలకు పైగా మంచురేకులను చిత్రించెను. ఇరుగుపొరుగులకు అది ఉత్త మంచు. చూడనేర్చినవానికి ప్రతి రేకును ఒక క్రొత్త సృష్టి.

మీ గుమ్మము ముందటి చెట్టు, ఎద్దుల మెడలోని గంట, వంటయింటిలో పొయ్యియొద్ద నున్న అమ్మ చేతులు, అరుగుమీద కూర్చున్న తాతగారి చేతికఱ్ఱ — ఇవన్నియు మీ కొరకు వేచియున్నవి. అవి కలకాలము వేచియుండవు. నేడే మొదటి చిత్రమును తీయుడు. రేపు రెండవది తీయుడు. ఏడాది గడచిన పిదప మీ చేతిలో మూడువందల అరువదియైదు దినములుండును. వానిలో కొన్ని ఖాళీలున్నను సిగ్గుపడకుడు. నిజమును వ్రాసి ముందునకు సాగుడు.

ప్రశ్నలు

1. ఎడ్విన్ లాండ్ కుమార్తె అడిగిన ప్రశ్న యెట్టి ఫలము నిచ్చెను?
2. లివింగ్‌స్టన్ నియమమును గూర్చి మీ మాటలలో వ్రాయుడు.
3. "నా పుస్తకములో నాకు మిక్కిలి గౌరవమైన పుట అదియే" అని రచయిత యేల అనెను?
4. మీ యింట రేపును ఉండునని మీరు తలచు వస్తువు నొకదానిని గూర్చి పది వాక్యములు వ్రాయుడు.