బాల్యం మీద డిగ్రీ: చేరేముందు, చేరాక

కోట మండలంలో అంగన్‌వాడీలోనో, స్వచ్ఛంద సంస్థలోనో పనిచేస్తూ, పిల్లల గురించి పైచదువు చదివి సూపర్‌వైజర్ స్థాయికి వెళ్లాలనుకుంటున్నారా? ఫీజు కట్టేముందు మీకు కావాల్సిన ఉద్యోగానికి వచ్చిన పాత నోటిఫికేషన్ తీసి, అర్హతల్లో ఏ డిగ్రీలు రాశారో చూడండి. కోర్సు పేరులో ‘చైల్డ్’ ఉంటే చాలదు. మన దగ్గర ఈ సబ్జెక్టు ఎక్కువగా హోం సైన్స్, సోషల్ వర్క్, సోషియాలజీల్లో పేపర్లుగా ఉంటుంది. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, నెల్లూరు విక్రమ సింహపురి మనకు దగ్గర. ఎక్కడ చేరినా ఫీల్డ్ వర్క్ ఎన్ని గంటలో, ఎవరు పర్యవేక్షిస్తారో ముందే అడగండి.

చేరాక ఎక్కువమంది దెబ్బతినేది ప్రాజెక్టు రిపోర్టులో. ఉదాహరణకు, బడి మానేసి రొయ్యల గుంట దగ్గర కాపలా ఉంటున్న 15 ఏళ్ల యానాది అబ్బాయి కేసు తీసుకోండి. ‘తల్లిదండ్రుల నిర్లక్ష్యం’ అని రాస్తే వైవాలో నిలబడదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 నుంచి 18 ఏళ్ల వాళ్లకు ప్రమాదకర పనులనే నిషేధిస్తుంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 నిండేదాకా బాలుడే. ఏ చట్టం కింద మాట్లాడుతున్నారో రాయకపోతే రిపోర్టు ఏ ఆఫీసులోనూ కదలదు.

తర్వాత ఇంటి పరిస్థితి అడగండి. యజమాని దగ్గర అడ్వాన్స్ తీసుకున్నారా? తీసుకున్న బాకీకే పిల్లాడు పనిచేస్తుంటే 1976 వెట్టిచాకిరి నిషేధ చట్టం వర్తించవచ్చు. కుటుంబం వలస వెళ్తుందా? సర్టిఫికెట్లు లేక బడి చేర్చుకోలేదా?

పేదరికమే కారణమని తేల్చేయకండి. నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధిస్తూనే, ఎంవీ ఫౌండేషన్ ద్వారా పనిలో ఉన్న పిల్లల్ని బ్రిడ్జి క్యాంపుల మీదుగా బడికి చేర్చారు. పేద తల్లిదండ్రులకూ పిల్లల్ని చదివించాలనే ఉంటుందని, బడే వాళ్లకు దారివ్వాలని ఆ పని చూపించింది. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి చైర్‌పర్సన్ ఆమే.

జాగ్రత్తలు కొన్ని. అంగన్‌వాడీ సెంటర్ రిజిస్టర్లలోని వివరాలు రాతపూర్వక అనుమతి లేకుండా వాడకండి. 2022లో కోట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. హద్దులు మారితే అనుమతిచ్చే ఆఫీసూ మారుతుంది కాబట్టి ముందు కనుక్కోండి. పిల్లల పేర్లు, ఫొటోలు రిపోర్టులో పెట్టకండి. లైంగిక హింస తెలిస్తే రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వొద్దు. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. సాయం కోసం చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. స్కీమ్ ఇప్పిస్తానని కుటుంబానికి ఆశ పెట్టకండి. మీరు రిపోర్టు ఇచ్చేసి వెళ్లిపోయినా ఆ మాట నమ్మి ఎదురుచూసేది వాళ్లు. రేపు అదే వాడలో ఉద్యోగం చేయాల్సింది మీరు.