మోటరు కాలిన లెక్క తెలుసా?

నిజామాబాద్ జిల్లా ధర్పల్లి చుట్టుపక్కల పదో తరగతి పూర్తిచేసి ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరదామనుకుంటున్నారా? ముందు దీనికి జవాబు ఆలోచించండి. ఎండాకాలంలో ఓల్టేజీ పడిపోతే ఇంట్లో ఇస్త్రీపెట్టె సరిగ్గా వేడెక్కదు. అదే ఓల్టేజీకి పొలం దగ్గర బోరు మోటరు మాత్రం కాలిపోతుంది. ఎందుకని?

ఇస్త్రీపెట్టె సంగతి తేలికే. ఓల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, గుణిస్తే వాట్లు. 1000 వాట్ల పెట్టె 230 ఓల్టుల దగ్గర 4.35 ఆంపియర్లు లాగుతుంది. అంటే నిరోధం దాదాపు 53 ఓమ్‌లు. ఓల్టేజీ 180కి పడితే కరెంటు 3.4 ఆంపియర్లకు, పవరు 612 వాట్లకు దిగిపోతుంది. ఓమ్ నియమం చదివినవారెవరైనా ఇంతవరకు చేసేస్తారు.

మోటరు దగ్గరే చాలామంది తడబడతారు. బోరు లోతు మారలేదు, ఎత్తాల్సిన నీళ్ల బరువూ మారలేదు. ఓల్టేజీ తగ్గినా అదే పని చేయాలి కాబట్టి మోటరు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. వైండింగులో వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు 20 శాతం పెరిగితే వేడి 44 శాతం పెరుగుతుంది. కాయిల్ మాడేది అందుకే.

త్రీఫేజ్ మోటరుకు గుణకారం కూడా వేరు. 415 ఓల్టుల మీద 5 హెచ్‌పీ మోటరు 7.5 ఆంపియర్లు తీసుకుంటోందనుకోండి. ఆ రెండింటినీ 1.732తో, 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో గుణించాలి. సుమారు 4300 వాట్లు వస్తుంది. 5 హెచ్‌పీ అంటే 3730 వాట్లే కదా, మిగతాది ఏమైంది? మోటరులోనే వేడిగా, రాపిడిగా పోయింది. మల్టీమీటర్‌తో కాయిల్ ఓమ్‌లు కొలిచి, వాటితో 415ను భాగించి కరెంటు చెప్పేవారు ఉన్నారు. ఏసీలో కాయిల్ అడ్డగింపు మీటరు చూపే ఓమ్‌లకంటే చాలా ఎక్కువ. ఆ లెక్క చెల్లదు.

ఇక ఉద్యోగాల సంగతి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. మన పిల్లలకు ఇప్పుడున్న దారులు వైండింగ్ షాపు, డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ), గల్ఫ్. డిస్కంలో జూనియర్ లైన్‌మన్‌కు పదో తరగతితో పాటు ఐటీఐ ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్, లేకుంటే ఇంటర్ ఒకేషనల్ ఎలక్ట్రికల్ అడుగుతారు. దక్షిణ డిస్కం 2023 పరీక్షలో 80 మార్కులకు 65 ట్రేడ్ నుంచే. స్తంభం ఎక్కే పరీక్ష దీనికి అదనం. దానికి ఏ గైడూ పనికిరాదు, ఒంట్లో సత్తువ ఉండాలి. మన జిల్లా ఉత్తర డిస్కం పరిధిలోది, నోటిఫికేషన్ వరంగల్ నుంచి వస్తుంది. గల్ఫ్ వెళ్లేవారు ఏజెంటుకు డబ్బు కట్టేముందు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో ఒకసారి అడగండి. గల్ఫ్ ఉద్యోగానికీ ట్రేడ్ టెస్టు తప్పదు. డిప్లొమా చేస్తే డిస్కంలో సబ్ ఇంజినీర్ పోస్టుకూ పోటీ పడవచ్చు.

కోచింగ్ కంటే ముందు ఒక క్లాంప్ మీటర్ కొనుక్కోండి. తీగ తెంచకుండా, ఇన్సులేషన్ పైనుంచే ఆంపియర్లు చూపిస్తుంది. అనుభవమున్న మెకానిక్ పక్కన నిలబడి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మోటరు రీడింగు రాసుకోండి. ఓమ్‌లు కొలిచేటప్పుడు మాత్రం ఫ్యూజులు తీసి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.