ఇంట్లో ఒక పనిబల్ల: పిల్లలతో కలిసి చేద్దాం



త్రిభుజాల అధ్యాయంలో మీ అమ్మాయికి మంచి మార్కులే వచ్చి ఉంటాయి. ఈసారి జాయింట్లు వదులై పక్కకు ఊగుతున్న పాత స్టూలును ఆమె ముందు పెట్టి, "దీన్ని ఊగకుండా చేయగలవా తల్లీ?" అని అడిగి చూడండి. చాలామంది పిల్లలు కాలి కింద కాగితం మడిచి పెడతారు. పుస్తకంలోని త్రిభుజానికీ ఈ స్టూలుకీ సంబంధం ఉందని వారికి తట్టదు. అది వారి తప్పు కాదు. ఆ రెండూ కలిసే చోటు మన ఇళ్లలో ఉండటం లేదు. పనిబల్ల అలాంటి చోటు.

ముందుగా ఐదు నిమిషాల ప్రయోగం

అట్టతో ఒకే పొడవున్న నాలుగు పట్టీలు కత్తిరించి, చివరలను గుండుసూదులతో కలిపి చతురస్రం చేయించండి. ఒక మూలను నెడితే అది పక్కకు వాలిపోతుంది. ఇప్పుడు మూల నుంచి మూలకు ఐదో పట్టీ గుచ్చమనండి. ఇక వాలదు. చతురస్రం రెండు త్రిభుజాలుగా మారింది; భుజాల పొడవు మారనంత వరకు త్రిభుజం ఆకారం మారదు. కరెంటు టవర్లలో, రైలు వంతెనల్లో ఏటవాలు కమ్మీలు ఉండేది ఇందుకే. మన బల్లకూ ఇదే సూత్రం.

కొలతలు

పైపలక: 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు చాలు. 18 మి.మీ. ప్లైవుడ్ షీటు 8 అడుగులు, 4 అడుగుల సైజులో వస్తుంది. సగం షీటును రెండు ముక్కలు చేసి, ఒకదానిపై ఒకటి జిగురుతో అతికిస్తే 36 మి.మీ. మందం వస్తుంది, సుత్తి దెబ్బకు అదరదు. రంపం కోతకే రెండు మూడు మి.మీ. పోతుంది కాబట్టి ముక్కలు 2 అడుగులకు కాస్త తగ్గుతాయి. ఎంత తగ్గుతాయో కోతకు ముందే పిల్లలను లెక్కగట్టమనండి.

ఎత్తు: నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ఎక్కడికి వస్తుందో, రంపపు పనికి బల్ల అంత ఎత్తు ఉండాలి. ఎవరి మణికట్టు? పెద్దవారిదే. పిల్లలు పెరుగుతారు, బల్ల పెరగదు. పిల్లలకు కదలని వెడల్పాటి పీట వేయండి. వాళ్లు ఎదిగాక పీట తీసేయవచ్చు.

చట్రం: 3 అంగుళాల చదరపు కాళ్లు, పైనా కిందా అడ్డకర్రలు. టేకే అక్కర్లేదు, వేప చాలు. జాయింట్లకు మేకులు కాకుండా 8 మి.మీ. బోల్టులు వాడితే అద్దె ఇల్లు మారేటప్పుడు విప్పి తీసుకెళ్లవచ్చు. వెనుక వైపు ఒక ఏటవాలు కర్ర, రెండు పక్కలా చెరొకటి బిగించండి. వెనుకది కుడి ఎడమల ఊపును, పక్కవి ముందు వెనుకల ఊపును ఆపుతాయి.

మూలలు సరిగ్గా వచ్చాయా అని చూడటానికి టేపు చాలు. ఎదురెదురు భుజాలు సమానంగా ఉండి, రెండు కర్ణాలూ సమానమైతే అది దీర్ఘచతురస్రమే. 48, 24 అంగుళాల భుజాలకు కర్ణం ఎంతో పైథాగరస్ సిద్ధాంతంతో ముందే కట్టించండి: సుమారు 53.7 అంగుళాలు.

ఒకే బల్ల, ఎన్నో పనులు

పైపలకను ముందు వైపు చట్రం కంటే 3 అంగుళాలు బయటకు వదిలితే ఎక్కడైనా క్లాంపు బిగించవచ్చు. ఒక మూల చిన్న బెంచ్ వైస్ పెట్టండి. పైన హార్డ్‌బోర్డు పరిస్తే రంగుల పనికీ, సైన్సు ప్రాజెక్టుకూ పనికొస్తుంది. పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. కింది అడ్డకర్రల మీద పలక వేసి పనిముట్లు పెడితే ఆ బరువుకు బల్ల ఇంకా నిలకడగా ఉంటుంది.

ఎవరు ఏ పని చేయాలి?

కొలవడం, గీత గీయడం, గరుకు కాగితం పట్టడం, బోల్టులు బిగించడం పిల్లల పని. చేతిరంపం మీరు పక్కన ఉన్నప్పుడే. డ్రిల్లింగ్ మెషిన్ పెద్దవారి చేతిలోనే ఉండాలి. కళ్లద్దాలు, బూట్లు తప్పనిసరి. జుట్టు ముడి వేయాలి, చున్నీ తీసేయాలి. పొడి లేచేటప్పుడు మాస్కు పెట్టుకోవాలి.

పెద్ద కోతలకు మీ వీధి వడ్రంగి మేస్త్రి గారి దగ్గరకు పిల్లలనూ తీసుకెళ్లండి. మూలమట్టం ఎలా పట్టాలో, చిత్రిక ఏ వైపు పట్టాలో వాళ్లనే అడగనివ్వండి. 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు బ్యాగు లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల వంటి వారి దగ్గర పని నేర్చుకోవాలని జాతీయ విద్యా విధానం 2020 కూడా చెప్పింది. అక్కడ ఆయనే గురువు. పిల్లలు ఆయనను ఎలా పలకరిస్తారన్నది మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు.

ఒక్క విన్నపం

గీత వంకరపోయినప్పుడు "ఇటివ్వు, నేను చేస్తాలే" అని స్కేలు లాక్కోకండి. మన పిల్లలకు తప్పు అంటే మార్కు పోవడమే. ఇక్కడ తప్పు అంటే ఇంకోసారి కొలవడం. కర్ర ఒక అంగుళం పొట్టిగా తెగితే, దాన్ని ఎక్కడ వాడుకోవచ్చో వాళ్లనే ఆలోచించనివ్వండి.

ఆదివారానికి ఒక గంట చొప్పున కేటాయించండి, తొందరేమీ లేదు. పూర్తయ్యాక పైపలక అడుగున పిల్లల పేరు, తేదీ వాళ్ల చేతే రాయించండి. తర్వాత బల్ల అంచు పట్టుకుని గట్టిగా ఊపమనండి. ఊగకపోతే ఎందుకు ఊగలేదో మీకు వాళ్లే చెబుతారు.