తాతగారి .22 రైఫిల్

ప్రశ్న: మా తాతగారు పోయారు. ఆయన లైసెన్సు మీదున్న .22 రైఫిల్‌ను జ్ఞాపకంగా ఉంచుకోవచ్చా? అప్పుడప్పుడు ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి చూస్తున్నాం.

జవాబు: ఉంచుకోవచ్చు, మీ పేరిట లైసెన్సు వచ్చాకే. ఆయన లైసెన్సు మీకు చెల్లదు. పోలీస్ స్టేషన్‌కు ముందే కబురు చేసి, రైఫిల్‌ను అక్కడ అప్పగించి రసీదు తీసుకోండి. తర్వాత వారసుడిగా దరఖాస్తు పెట్టండి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, వారసత్వంగా వచ్చినవైనా సరే, మామూలుగా ఒకరికి రెండు తుపాకులే.

ఖాళీగా ట్రిగ్గర్ నొక్కడం మాత్రం ఈ క్షణమే మానేయండి. .22 తూటాలో మందును రాజేసే రసాయనం అడుగు అంచులో ఉంటుంది. అందుకే పిన్ను ఆ అంచునే కొడుతుంది. తూటా లేనప్పుడు నేరుగా చాంబర్ ఉక్కుకు తగిలి గంటు పడొచ్చు, పిన్నూ విరగొచ్చు. పాత రైఫిల్‌కు సరైన విడిభాగం దొరకడం చాలా కష్టం. అంతకన్నా ముఖ్యం, లోపల తూటా మిగిలి ఉంటే ప్రాణమే పోతుంది.