పోటీ గుఱ్ఱములును రిజర్వు రౌతును

మల్లాపూరునకుఁ బొరుగుననే మౌలాలి యున్నది. ఆ పేరు చెప్పఁగానే మనకుఁ గొండయు, దానిపై దర్గాయు, రైలు స్టేషనును జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదునందు గుఱ్ఱపుఁ బందెములు 1868 వ సంవత్సరమున నీ మౌలాలియందే మొదలయ్యెననియు, 1886 లో ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ వానిని మలక్‌పేటకు మార్పించెననియు మన విద్యార్థులలోఁ గొందఱికే తెలియును.

అయితే మేమిచ్చట ముచ్చటింపఁ దలఁచినది పందెములను గూర్చి కాదు. పందెమునఁ బ్రధానమైనది వేగము. అశ్వక్రీడలలో ఈవెంటింగు అను పోటీ వేఱు. అందొకే గుఱ్ఱమును, ఒకే రౌతును మూఁడు పరీక్షలకు నిలువవలెను. మొదటిది చదునైన మైదానమున నడకల క్రమము. రెండవది దుంగలు, గుంటలు, నీటి మడుగులు దాఁటుచుఁ జేయు దీర్ఘమైన పరుగు. మూఁడవది తగిలినంతనే పడిపోవు కఱ్ఱలపైనుండి దుముకుట.

ఇట్టి పోటీలకుఁ బోవు జట్టువెంట రిజర్వు రౌతు పోవుచుండును. అతని పేరు జాబితాలో నుండును; అతఁడు మైదానమున దిగునో దిగఁడో చివరి దినము వఱకుఁ దెలియదు. అయినను అతని గుఱ్ఱము తక్కినవానితో సమానముగ సిద్ధమై యుండవలెను. 2021 లో జరిగిన టోక్యో ఒలింపిక్సునందు జట్టునకు ముగ్గురే రౌతులు. ముగ్గురి మార్కులును లెక్కకు వచ్చెను. పోటీ నడుమ నొకరి గుఱ్ఱము కుంటినచో రిజర్వు రౌతును దింపవచ్చును గాని, జట్టు 20 తప్పు మార్కులు భరింపవలెను.

పూర్వమిట్టి వెసులుబాటు లేదు. 1960 లో రోము నగరమున ఆస్ట్రేలియా రౌతు బిల్ రాయ్‌క్రాఫ్టు రెండవ పరీక్షలోఁ బడి, ఎముక విఱిగి, ఆసుపత్రి పాలయ్యెను. జట్టులో మఱియొకని గుఱ్ఱము కుంటుటచే, ముగ్గురి లెక్క తీఱుటకై ఆయన మఱునాఁడు ఆసుపత్రి విడిచి వచ్చి తుది పరీక్షలో స్వారి చేసెను. ఆస్ట్రేలియాకు స్వర్ణపతకము లభించెను. ఆ సాహసమును మెచ్చుకొందుము గాని, మా మట్టునకు 20 మార్కుల నియమమే మనుష్యునకును, జంతువునకును మేలని తోఁచుచున్నది.

ఇఁక శిక్షణము. సుమారు 500 కిలోల బరువుగల గుఱ్ఱము దినమునకు 25 మొదలు 40 లీటర్ల వఱకు నీరు త్రాగును. దాని పొట్ట చిన్నది. కావున కొంచెము కొంచెముగ పలుమాఱులు మేపవలెను. గడ్డియే ముఖ్యాహారము, దాణా తరువాతిది. మన యిండ్లలోఁ జారు కాచుకొను ఉలవలే మన దేశమున వెనుకటినుండియు గుఱ్ఱముల దాణా. నానఁబెట్టియో యుడికించియో పెట్టుదురు. స్వారికి ముందు కొంతసేపు నెమ్మదిగ నడిపించి, పిమ్మటనే దౌడు తీయింతురు. ప్రతిదినము దుమికింపరాదు, కాళ్ల నరములు చెడును.

రిజర్వు గుఱ్ఱమునకు నొక ప్రత్యేకమైన యపాయము గలదు. చక్కగ సిద్ధమైన గుఱ్ఱము నాఁడు పోటీలో దిగక శాలలో నిలిచిపోయి, దాణా మాత్రము మునుపటివలెనే తినుచుండినచో, మరల పనిలోఁ బెట్టినప్పుడు దాని తొడలలోని కండరములు బిగుసుకొని కదలలేకపోవును. ఆదివారపు విశ్రాంతి పిదప గనఁబడుటచే దీనిని సోమవారపు జబ్బని యందురు. కావున దింపరని తెలిసిన దినమున రిజర్వు రౌతు మొట్టమొదట చేయవలసిన పని దుఃఖించుట కాదు. దాణా తగ్గించి, గుఱ్ఱమును నడకకుఁ దీసికొనిపోవుట.

ప్రయాణము మఱింత కష్టమైనది. కదలుచున్న బండిలో గుఱ్ఱము గంటల తరబడి తూఁకము నిలుపుకొనుచు నిలుచుండును. తల యెత్తి కట్టినచో, ముక్కులోఁ బడిన ధూళి దిగక ఊపిరితిత్తులు చెడి జ్వరము వచ్చును. అందువలన నడుమ నడుమ బండి నిలిపి తల వంచనీయవలెను. గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. కడుపు నొప్పి దానికిఁ బ్రాణాపాయము. క్రొత్త యూరి నీరు వాసన చూచి త్రాగక మొండికెత్తు గుఱ్ఱములు కలవు. అట్టివానిని ముందుగనే యింటివద్ద కొలఁదిగ బెల్లము కలిపిన నీటికి అలవాటు చేసినచో పయనమునఁ జిక్కుండదు. దిగిన వెంటనే జ్వరము చూడవలెను; 38 డిగ్రీల సెల్సియసు ప్రాంతమున నుండుట స్వభావము.

దేశములు దాఁటుటకు రోగభయ మొక యడ్డు. 1956 లో ఒలింపిక్సు మెల్బోర్నున జరుగఁగా, ఆస్ట్రేలియా నియమములు కఠినమగుటచే గుఱ్ఱపు పోటీలు మాత్రము స్వీడనునందలి స్టాక్‌హోమునఁ బెట్టిరి. మన దేశపు గుఱ్ఱములకును ఇట్టి చిక్కే చిరకాలము గలదు. అందుచే మన రౌతులు పలువురు ఐరోపాకుఁ బోయి, అచ్చటి గుఱ్ఱములతోనే సాధన చేసిరి. 1982 లో ఢిల్లీ ఆసియా క్రీడలలో రఘుబీర్ సింగు ఈవెంటింగున స్వర్ణము గెలిచెను. పిదప 41 ఏండ్లకు, 2023 లో, హాంగ్‌జౌనందు సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగు, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా అను నలుగురు నడకల పోటీలో జట్టు స్వర్ణము తెచ్చిరి. 2025 లో మీరట్టునందలి సైనిక పశువైద్య కేంద్రపు అశ్వశాల రోగరహితమని ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తించుటచే దారి కొంత తెఱచుకొన్నది.

పోటీ గుఱ్ఱములు కాకున్నను, గోషామహలున నగరపు పోలీసు గుఱ్ఱములను మన పిల్లలు చూడవచ్చును. చూడఁబోవువారు వెనుకనుండి దగ్గఱకుఁ బోరాదు. సరిగా తన వెనుక నున్నది గుఱ్ఱమునకుఁ గానరాదు. భుజము ప్రక్కగా, ముందు మాటాడించుచు, మెల్లగ సమీపింపవలెను. ఏదైనఁ దినఁబెట్టఁ దలఁచినచో కాపరి యనుమతి గైకొని, అఱచేయి చదునుగాఁ జాఁచి పెట్టవలెను. వ్రేళ్లు ముడిచినచో అవియు మేఁతయే యని గుఱ్ఱము తలఁచును.